లెక్క తెలియని పాటగాడు: రిచ్ మల్లిన్స్ విశ్వాసం, పాట, ప్రయాణం

ఏడాదికి తాను ఎంత సంపాదిస్తున్నాడో రిచ్ మల్లిన్స్‌కు తెలియదు. తెలుసుకోదలచుకోలేదు కూడా. ఆల్బమ్‌ల అమ్మకాలు, కచేరీల రాబడి అంతా సంఘం పెద్దల చేతికి చేరేది. అమెరికాలో సగటు కార్మికుడి జీతం ఎంతో చూసి వాళ్లు ఆయనకు అంత ఇచ్చేవారు. మిగిలింది దానాలకు పోయేది. మొత్తం అంకె తనకు చెప్పొద్దని ఆయనే వాళ్లను కోరాడు. తెలిస్తే ఇవ్వబుద్ధి కాదేమోనని ఆయన భయం.

ఏ మూలనో చిన్న చర్చిలో పాడుకునే మనిషి ఇలా చేస్తే పెద్దగా చెప్పుకునేవాళ్లు కాదు. 1980ల చివర, 90లలో అమెరికా క్రైస్తవ సంగీతంలో ముందు వరుసలో ఉన్న వాగ్గేయకారుల్లో మల్లిన్స్ ఒకడు. ఆయన రాసిన ‘ఆసమ్ గాడ్’ (అద్భుత దేవుడు) పల్లవి, ఆయన పేరు వినని వాళ్ల నోట కూడా పలుకుతుంది.

భక్తి పాటలు రాసేవాళ్ల విశ్వాసం ఎంతటిదో చూడాలంటే మామూలుగా వాళ్ల పాటల్నే తిరగేస్తారు. అక్కడే చిక్కు. చేయి తిరిగిన కవి ఎంత భక్తినైనా కాగితం మీద పెట్టగలడు. మనసులో అంత లేకపోయినా పాట నిలబడిపోతుంది. టూర్‌లో ఆ వెసులుబాటు ఉండదు. టికెట్ ఎంత పెట్టాలి, వచ్చిన డబ్బు ఎవరి చేతికి వెళ్లాలి, తెలియని ఊళ్లో హోటల్ గదిలో ఒంటరి రాత్రి ఎలా గడపాలి, చప్పట్లు కొట్టే జనంతో ఏం మాట్లాడాలి? వీటికి ఏ రోజుకారోజు జవాబు వెతుక్కోవాల్సిందే. మల్లిన్స్ పాటలు బాగుంటాయి, కొన్ని చాలా బాగుంటాయి. అయినా ఆయన నమ్మకం ఏపాటిదో చూడాలంటే ముందు ఆయన జమాఖర్చులు, తిరిగిన దారులు చూడాలి.

ఆయన 1955 అక్టోబర్ 21న ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. తల్లి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ సంప్రదాయంలో పెరిగింది. నిరాడంబరత, శాంతి అన్న రెండు విషయాల్లో క్వేకర్లది పట్టుదల. చిన్నప్పుడు ముత్తవ్వ పియానో దగ్గర కూర్చోబెట్టుకుని కీర్తనలు వాయించడం నేర్పింది, అదీ నాలుగు స్వరాలు కలిసి పలికేలా. ఆ అలవాటు తర్వాతి పాటల్లోనూ కనిపిస్తుంది. గిటారు పట్టుకుని పాటలు కట్టేవాళ్ల సంగీతంలో వినిపించని మలుపులు ఆయన పియానోలో వినిపిస్తాయి. 1974లో సిన్సినాటి బైబిల్ కాలేజీలో చేరాడు. ఖర్చుల కోసం కార్ల పార్కింగ్ గ్యారేజీలో పని చేశాడు. స్నేహితులతో కలిసి జయాన్ అనే బృందం పెట్టి 1981లో ఒక ఆల్బమ్ తెచ్చాడు.

పేరు మాత్రం మొదట వేరొకరి గొంతు మీద వచ్చింది. ఆయన రాసిన ఒక స్తుతి పాటను క్రైస్తవ గాయని ఎమీ గ్రాంట్ 1982లో తన ‘ఏజ్ టు ఏజ్’ ఆల్బమ్‌లో పాడింది. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఫ్యూగ్ (ఒకే రాగపు ముక్క ఒకదాన్నొకటి తరుముతున్నట్టు సాగే రచన) ఒకటి పియానో మీద పరుగెత్తుతూ మొదలై, అక్కడి నుంచి పాటలోకి దూకుతుంది. ఆ ఆల్బమ్ అమెరికాలో 10 లక్షల ప్రతుల మైలురాయి దాటింది. క్రైస్తవ సంగీతంలో అప్పటివరకు అది ఎవరూ ఊహించని అమ్మకం. రెండేళ్ల తర్వాత ఎమీ గ్రాంట్ ఆయనదే ఇంకో పాట తీసుకుంది. అది మల్లిన్స్ తన పెళ్లి కోసం రాసుకున్నది. పెళ్లి ఆగిపోయింది. పాట మాత్రం ఎందరి పెళ్లిళ్లలోనో మోగింది. ఆయన ఆ తర్వాత పెళ్లే చేసుకోలేదు.

10 లక్షల ప్రతులు అంటే పాట రాసినవాడి పంట పండినట్టే అనిపిస్తుంది. లెక్క వేస్తే అంత కనిపించదు. 1982లో అమెరికా చట్టం ప్రకారం రికార్డు అయిన పాటకు ప్రతి ఒక్కింటికి వచ్చేది 4 సెంట్లు. 10 లక్షల ప్రతులకు 40,000 డాలర్లు. అందులో సగం మామూలుగా ప్రచురణ సంస్థది. పైగా రికార్డు కంపెనీలు చాలాసార్లు చట్టం చెప్పిన రేటులో నాలుగింట మూడు వంతులకే ఒప్పందం రాయించుకునేవి. మల్లిన్స్ చనిపోయిన 1997 నాటికి ఆ రేటు 6.95 సెంట్లు. రేడియో సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట రాసినవాళ్లకు డబ్బు కడతాయి, పాడినవాళ్లకు కట్టవు.

చర్చిలో పాడితే? అక్కడ మరో మలుపు ఉంది. ఆరాధనా స్థలంలో ఆరాధనలో భాగంగా మత సంబంధమైన పాట పాడితే దానికి రాయల్టీ అక్కర్లేదని 1976 నాటి అమెరికా కాపీరైట్ చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఆదివారం కోటిమంది పాడినా రాసినవాడికి ఆ పాడడం మీద పైసా రాదు. కానీ పాట మాటల్ని కాగితం మీద అచ్చువేసి పంచినా, తెర మీద చూపించినా అది నకలు కిందికి వస్తుంది. నకలుకు అనుమతి కావాలి. ఈ సందులోంచే 1988లో సీసీఎల్ఐ అనే లైసెన్సింగ్ సంస్థ పుట్టింది. చర్చి తన ఆరాధనకు వచ్చేవాళ్ల సంఖ్యను బట్టి ఏడాదికి కొంత రుసుము కడుతుంది. ఏ పాటలు వాడిందో నివేదిక ఇస్తుంది. ఆ నివేదికలను బట్టి డబ్బు రచయితలకు పంచుతారు. గాయకుడు ఊరూరూ తిరగకపోయినా పల్లవి ఒక్కటే తిరిగి డబ్బు తెచ్చే మార్గం అలా తెరుచుకుంది. తర్వాతి దశాబ్దాల్లో అమెరికా క్రైస్తవ సంగీతం కచేరీ పాట నుంచి సంఘమంతా కలిసి పాడే ఆరాధన పాట వైపు జరగడానికి భక్తి ఎంత కారణమో ఈ లైసెన్సు కూడా అంత కారణం అంటే అతిశయోక్తి కాదు.

‘ఆసమ్ గాడ్’ వచ్చిందీ అదే 1988లో. రాత్రిపూట కారు నడుపుకుంటూ ఒక యువజన సభకు వెళ్తూ, నిద్ర ఆపుకోవడానికి బోధకుల ధోరణిలో గట్టిగా అరుస్తుంటే ఆ పాట పుట్టిందని చెబుతారు. చరణాలు వింటే అది నిజమే అనిపిస్తుంది. ఏదెను తోటలోంచి వెళ్లగొట్టడం, సొదొమ మీద తీర్పు, సిలువ, ఇవన్నీ అందులో గబగబా దొర్లిపోతాయి. పాడడానికీ మాట్లాడడానికీ మధ్య ఉండే ఊపు అది. ఇప్పుడు ఆ చరణాలు ఎక్కడా పెద్దగా వినిపించవు. సంఘాలు పల్లవిని మాత్రం కోసుకుని పదేపదే పాడతాయి. ఉరుములూ తీర్పులూ వదిలేసి మహిమ ఒక్కటే ఉంచుకున్నట్టయింది. 2004లో బోస్టన్‌లో డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో బరాక్ ఒబామా చేసిన ప్రసంగంలో నీలి రాష్ట్రాల్లోనూ (అంటే డెమొక్రాట్లకు ఓటేసే రాష్ట్రాల్లోనూ) ఆసమ్ గాడ్‌నే ఆరాధిస్తామన్న మాట ఉంది. చర్చిలో పెరిగిన శ్రోతలకు వెంటనే చెవిలో మోగింది ఈ పాటే.

మల్లిన్స్‌కు మాత్రం ఆ పాట రచన మీద గొప్ప అభిప్రాయం లేదు. తాను రాసినవాటిలో పనితనం తక్కువైన పాటల్లో అదొకటని 1996లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అయితే ఊరుకోలేదు. రచయిత తన పనితనం మీద మరీ దృష్టి పెడితే, చెప్పాల్సిన విషయం ఆ పనితనాన్ని మోసే బండిగా మారిపోతుందని కూడా అన్నాడు. ఇది వినయం కోసం చెప్పిన మాటలా లేదు. ఆయన మంచి పాటలు వేరే ఉన్నాయి. కాన్సస్ గడ్డి మైదానాల గాలి మీద, ఆకాశం మీద రాసినవి చూస్తే పనితనం ఎంతో తెలుస్తుంది. అవి గుంపుగా పాడుకోవడానికి పనికిరావు. ఒక్కడు పాడాలి, మిగతావాళ్లు వినాలి. ఆయన్ని టూర్‌కు కట్టేసింది అలాంటి పాటలే.

ఆ టూర్లు ఎలా ఉండేవో కొంత చెప్పుకోవాలి. క్రైస్తవ గాయకుల తొలి మజిలీలు పెద్ద హాళ్లు కావు. చర్చి ప్రధాన మందిరం, కాలేజీ జిమ్, యువజన క్యాంపు. వ్యాన్‌లోంచి స్పీకర్లు దింపేది సంఘం కుర్రాళ్లు. భోజనం చర్చి వంటగదిలో. కొన్నిచోట్ల టికెట్ ఉంటుంది. కొన్నిచోట్ల ప్రవేశం ఉచితం, మధ్యలో కానుకల పళ్లెం తిరుగుతుంది. బయట బల్ల మీద క్యాసెట్లు, టీ షర్టులు. రాత్రి పెట్రోలు ఖర్చు తేలేది చాలావరకు ఆ బల్ల దగ్గరే.

కచేరీ మధ్యలో ఒక విరామం వస్తుంది. గాయకుడు వేదిక మీద నిలబడి పేద దేశాల పిల్లల గురించి మాట్లాడతాడు. నెలనెలా ఇంత కడితే ఒక బిడ్డ చదువు, తిండి చూసుకున్నట్టని చెప్పి, ఫొటోలున్న కవర్లు పంచుతారు. 1952లో కొరియా యుద్ధం అనాథల కోసం మొదలైన కంపాషన్ ఇంటర్నేషనల్ ఈ పద్ధతికి బాగా పేరుపడ్డ సంస్థ. మల్లిన్స్ కూడా దాని తరఫున మాట్లాడాడు. ఈ విరామంతో లక్షల పిల్లలకు మేలు జరిగింది, అది నిజం. ఇలాంటి సంస్థలు టూర్ ఖర్చుల్లో కొంత భరించడం కూడా ఈ రంగంలో మామూలైపోయింది, అదీ నిజమే. జాలి ఎక్కడ ముగుస్తుందో ఒప్పందం ఎక్కడ మొదలవుతుందో ప్రేక్షకుల కుర్చీలోంచి చూసి చెప్పడం కష్టం. గాయకుడికైనా తెలుస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఇలాంటి వేదికల మీదికి మల్లిన్స్ తరచూ చెప్పుల్లేకుండా వచ్చేవాడు. మాసిన జీన్స్, టీ షర్టు, గీసుకోని గడ్డం. ముందు పియానో. పక్కన డల్సిమర్. పలక లాంటి పెట్టె మీద బిగించిన తీగల్ని చిన్న సుత్తులతో తడుతూ వాయించే వాద్యం అది, మన సంతూర్‌కు చుట్టం. పదుల కొద్దీ తీగలుంటాయి కాబట్టి శ్రుతి చేయడం ఒక పట్టాన తెమలదు. పాటల మధ్య ఆయన మాటలు కూడా అలాగే తెమిలేవి కావు. కథలు, పరిహాసాలు, అప్పుడప్పుడు చురకలు. ఆత్మీయ ఆహారం కోసం కచేరీకి వచ్చేవాళ్లను చూస్తే బాధగా ఉందని, కచేరీలో దొరికేది వినోదమేనని, ఆ ఆహారం కావాలంటే చర్చికి వెళ్లాలని ఆయన అనేవాడు. టికెట్ కొనుక్కుని వచ్చిన భక్తులతో ఈ మాట అనడానికి తెగువ కావాలి. ఇదే ఆయన మొత్తం ఏర్పాటుకు తాళంచెవి కూడా. కచేరీని ఆరాధన అని పిలవకపోతే, ఆ డబ్బును దేవుడిచ్చిన జీతం అని పిలుచుకునే అవకాశం కూడా ఉండదు. పనిచేసిన మనిషికి సగటు కూలి చాలు.

ఇదే ప్రశ్నకు ఇంకో జవాబు ఆయనకు ముందే ఒకరు ఇచ్చారు. కీత్ గ్రీన్ కూడా అక్టోబర్ 21నే పుట్టాడు, కాకపోతే రెండేళ్ల ముందు, 1953లో, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో. అతనూ పియానో వాద్యకారుడే. 1970ల చివర్లో పేరు వచ్చాక కచేరీలకు టికెట్ పెట్టనని తేల్చేశాడు. రికార్డు కంపెనీతో ఒప్పందం నుంచి బయటికి వచ్చి 1980లో ఆల్బమ్‌ను ఎవరు ఎంత ఇవ్వగలిగితే అంతకు పంపించాడు. అందులో ఒక పాటకు బాబ్ డిలన్ హార్మోనికా వాయించాడు. రెండేళ్లలో 2 లక్షలకు పైగా ప్రతులు పంచితే, అందులో 61,000కు పైగా ఉచితంగానే వెళ్లాయి. 1982 జూలై 28న టెక్సస్‌లో తమ పరిచర్య ఆవరణ దగ్గరే అతని చిన్న విమానం కూలింది. మోయదగ్గ బరువుకు మించి ఎక్కించారు. గ్రీన్‌తో కలిపి 12 మంది పోయారు, అతని ఇద్దరు చిన్నపిల్లలు కూడా అందులో ఉన్నారు. అతనికి 28 ఏళ్లు.

ఇద్దరి పద్ధతుల్లో తేడా చిన్నది కాదు. గ్రీన్ ధరను కొనేవాడి చేతిలో పెట్టాడు. అది బాహాటంగా చేసిన పని, తోటి గాయకులందరికీ సవాలు లాంటిది. ‘నేను ఉచితంగా ఇస్తున్నాను, నువ్వు?’ అన్న ప్రశ్న అందులో ఉంది. మల్లిన్స్ టికెట్ జోలికి పోలేదు. కంపెనీతో ఒప్పందం ఉంది, ఆల్బమ్‌లు మామూలు ధరకే అమ్ముడుపోయాయి. ఆయన పక్కకు తప్పించింది తనను తానే. అంటే మొదటిది ఎదుటివాడికి పిలుపు, రెండోది తనచుట్టూ తాను వేసుకున్న కంచె. గ్రీన్ దారిలో నడవాలంటే ఒక ఉద్యమం, ఒక సంస్థ, వెంట నడిచే జనం కావాలి. మల్లిన్స్ దారికి ముగ్గురు నలుగురు నమ్మకమైన పెద్దలు చాలు. ఎక్కువ కాలం నిలవగలిగేది రెండోదే అనిపిస్తుంది, అంత పెద్దగా కనిపించకపోయినా.

కంచె ఎందుకు కావాల్సి వచ్చిందో ఆయనే వేదిక మీద చెప్పేవాడు. ‘హోల్డ్ మీ జీసస్’ పాడే ముందు ఒక కథ చెప్పేవాడు. స్నేహితుడూ తోటి రచయితా అయిన బీకర్‌తో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నప్పటి సంగతి. అడిగేవాళ్లు లేని ఊరు, దాదాపు అన్నీ బాహాటంగానే దొరికే ఊరు. పక్క మంచం మీద స్నేహితుడు నిద్రపోతే మెల్లగా బయటికి జారుకోవాలని ఎదురుచూస్తూ, లోపల పోరాడుతూ గడిపిన రాత్రి అది. ఆ వణుకులోంచి పుట్టిందే ఆ పాట. క్రైస్తవ గాయకులు సాక్ష్యం చెప్పడం కొత్త కాదు. కానీ అది ఎక్కువగా ‘ఒకప్పుడు అలా ఉన్నాను, ఇప్పుడు ఇలా ఉన్నాను’ అన్న వరసలో నడుస్తుంది. ఈయన చెప్పింది ఇప్పటి సంగతి, టూర్లు తిరిగే రోజుల సంగతి. మద్యంతోనూ ఒంటరితనంతోనూ ఆయన పడ్డ పాట్లు దగ్గరివాళ్లు తర్వాత దాచకుండా చెప్పారు. పెళ్లి లేదు, స్థిరమైన ఇల్లు లేదు. ఇంట్లో ఎవరో ఎదురుచూస్తున్నారన్న తొందర లేని మనిషికి టూర్ ఎక్కడ ఆగాలో తెలియదు.

1990లో బ్రెనన్ మానింగ్ రాసిన ‘ది రాగమఫిన్ గాస్పెల్’ ఆయనకు గట్టిగా తగిలింది. రాగమఫిన్ అంటే చిరుగుపాతల వాడు. తన బృందానికి ఆ పేరే పెట్టుకుని 1993లో ‘ఎ లిటర్జీ, ఎ లెగసీ అండ్ ఎ రాగమఫిన్ బ్యాండ్’ ఆల్బమ్ తెచ్చాడు. మొదటి సగం చర్చి ఆరాధన క్రమాన్ని అనుసరిస్తుంది. రెండో సగం అమెరికాలో పుట్టిపెరిగిన ఒక మనిషి వారసత్వం గురించి. మొదటి సగంలో, క్రైస్తవులు ఆరాధనలో కలిసి చెప్పే అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని దాదాపు యథాతథంగా డల్సిమర్ మీద పాడాడు. మధ్యలో జి.కె. చెస్టర్టన్ భావం ఒకటి కలిపాడు, ఈ నమ్మకాన్ని నేను తయారుచేయలేదు, అదే నన్ను తయారుచేస్తోందని. కొత్త పాట రాయగలిగినవాడు వెయ్యేళ్లకు పైగా పాతదైన పాఠాన్ని తీసుకుని దానికి తాళం కట్టడం వాగ్గేయకారుడి అహానికి కొంచెం ఇబ్బందికరమైన పనే. ఆ ఆల్బమ్‌లో బాగా నిలిచిన పాటల్లో అదొకటి.

అప్పటికి ఆయన కాన్సస్‌లోని విచిటాలో ఉంటున్నాడు. క్వేకర్లు స్థాపించిన ఫ్రెండ్స్ యూనివర్సిటీలో చేరి 1995లో సంగీత బోధనలో డిగ్రీ పూర్తి చేశాడు. అప్పుడు 39 ఏళ్లు. పక్కన కూర్చున్న పిల్లలకు ఆయన పాటలు కంఠస్థం. డిగ్రీ కాగానే న్యూ మెక్సికోలోని సే బొనీటోకు వెళ్లిపోయాడు. నవాహో అనే ఆదివాసీ జాతి ప్రభుత్వానికి రాజధాని అయిన విండో రాక్ అక్కడికి దగ్గరే. ఆల్బమ్‌లు, టూర్లు సాగిస్తూనే అక్కడి పిల్లలకు సంగీతం నేర్పాడు.

ఈ ఘట్టాన్ని చెప్పేటప్పుడు చాలామంది గొంతు బొంగురుపోతుంది. కొంచెం జాగ్రత్త అవసరం. అమెరికాలో తెల్లవాళ్లు మతం పట్టుకుని ఆదివాసుల దగ్గరికి వెళ్లిన చరిత్ర అంత ముచ్చటైనది కాదు. తల్లిదండ్రుల దగ్గర నుంచి పిల్లల్ని తీసుకుపోయి, భాష మాన్పించి, జుట్టు కత్తిరించిన బోర్డింగ్ స్కూళ్లు అందులో ఉన్నాయి. మల్లిన్స్‌కు ఆ సంగతి తెలియకపోలేదు. నవాహోలను మార్చడానికి దేవుడు పిలిచాడా అని అడిగితే కాదనేవాడు. భయంతోను వణుకుతోను తన సొంత రక్షణను కొనసాగించుకోవడానికి ఇది తగిన చోటు అనిపించి వచ్చానని చెప్పేవాడు. దాన్ని పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు. ఎవరి బాగు కోసమో వచ్చానని చెప్పుకోకపోవడం మాత్రం ఆయన్ని పాత దారి నుంచి విడదీస్తుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. క్రైస్తవ సంగీత పరిశ్రమకు టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ కేంద్రం. కచేరీ అయిపోయాక వెళ్లాల్సిన ఇల్లు నాష్‌విల్‌లో ఉంటే రాత్రి భోజనం దగ్గర కూడా అమ్మకాల కబుర్లే. సే బొనీటోలో ఆ కబుర్లు చెప్పేవాళ్లు లేరు.

పేదరికాన్నే ఎంచుకున్న మధ్యయుగపు పునీతుడు అసిసీ ఫ్రాన్సిస్ మీద ఆయనకు అభిమానం పెరిగిందీ ఈ ఏళ్లలోనే. బీకర్‌తో, మరికొందరితో కలిసి ‘కిడ్ బ్రదర్స్ ఆఫ్ సెయింట్ ఫ్రాంక్’ అని సరదాగా పేరు పెట్టుకుని ఒక చిన్న గుంపుగా జీవించే ప్రయత్నం చేశాడు. ఫ్రాన్సిస్ కథను అంతర్యుద్ధం తర్వాతి కాన్సస్‌కు మార్చి రాసిన సంగీత రూపకం 1997లో బయటికి వచ్చింది. కాథలిక్ మాస్‌కు వెళ్లేవాడు, ఆ సంఘంలో చేరడానికి సిద్ధపడ్డాడని కొందరు, లేదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. క్వేకర్ తల్లి, ప్రొటెస్టంట్ కాలేజీ, కాథలిక్ పునీతుడు, ఈ మూడింటినీ ఒకే మనిషిలో చూడడం అభిమానుల్లో చాలామందికి ఇబ్బందే. పాటల్లో మాత్రం మూడూ గొడవ పడకుండానే ఉన్నాయి.

ప్రయాణం గురించి ఒక మాట. పెద్ద గాయకులు పడుకునే బెర్తులున్న బస్సుల్లో తిరుగుతారు. ప్రయాణికుల బస్సు నడిపే డ్రైవర్ 8 గంటల విశ్రాంతి తర్వాత 10 గంటలకు మించి నడపకూడదని అమెరికా ఫెడరల్ నిబంధన. సొంత బండిలో తామే నడుపుకుంటూ వెళ్లే గాయకులకు అలాంటి గడియారం లేదు. ముందు రోజు పాడిన అలసట, రేపటి సౌండ్ చెక్, వీటి మధ్య ఎంత దూరం మిగిలితే అంతా నడపాల్సిందే.

1997 సెప్టెంబర్ 19 రాత్రి మల్లిన్స్, ఆయన దగ్గర నేర్చుకుంటూ కలిసి పాడే మిచ్ మెక్‌విక్కర్ జీపులో ఇల్లినాయి మీదుగా వస్తున్నారు. మర్నాడు విచిటాలో సహాయార్థ కచేరీ ఉంది. 39వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద జీపు బోల్తా పడింది. ఇద్దరూ సీటు బెల్టు పెట్టుకోలేదు, ఇద్దరూ బయటికి విసిరేసినట్టు పడ్డారు. వెనక వస్తున్న పెద్ద ట్రక్కు జీపును తప్పించబోయి రోడ్డు మీదున్న మల్లిన్స్‌ను ఢీకొంది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. మెక్‌విక్కర్ తీవ్ర గాయాలతో బతికాడు. మల్లిన్స్‌కు 41 ఏళ్లు. చావు గురించి ముందే పాట రాసుకున్నాడని, ప్రవక్తలా వెళ్లిపోయాడని అభిమానులు ఆ రాత్రికి చాలా అర్థాలు చెప్పారు. బెల్టు పెట్టుకోలేదన్నది చిన్న సంగతిలా చివర్లో వస్తుంది.

సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, సెప్టెంబర్ 10న, వాడకం మానేసిన ఒక చర్చిలో కూర్చుని ఆయన చిన్న క్యాసెట్ రికార్డర్ ముందు కొత్త పాటలు పాడి పెట్టుకున్నాడు. యేసు జీవితం మీద పది పాటలతో రావాల్సిన ఆల్బమ్ అది. స్టూడియోలోకి వెళ్లేముందు బృందానికి వినిపించడానికి చేసుకున్న నమూనా మాత్రమే. 1998లో అది ‘ది జీసస్ రికార్డ్’ పేరుతో రెండు డిస్కులుగా వచ్చింది. ఒక దాంట్లో అవే పాటలు రాగమఫిన్ బృందం చక్కగా వాయించినవి. ఎమీ గ్రాంట్, మైకేల్ డబ్ల్యూ. స్మిత్, యాష్లీ క్లీవ్‌లాండ్ వంటివాళ్లు తలా ఒకటి అందుకున్నారు. అదే ఏడాది ఆయనకు క్రైస్తవ సంగీతంలో పెద్దదైన డవ్ అవార్డు వచ్చింది, బతికున్నప్పుడు ఒక్కసారి కూడా రాని అవార్డు.

రెండో డిస్కులో ఆ క్యాసెట్‌నే ఉన్నదున్నట్టు పెట్టారు. టేపు బుసబుస వినిపిస్తుంది. ఖాళీ గదిలో గొంతు కొంచెం దూరంగా, గోడలకు తగిలి వస్తుంది. పాట ఇంకా పూర్తిగా కుదరని చోట్లు తెలుస్తూనే ఉంటాయి. అభిమానుల్లో ఎక్కువమంది ముందుగా పెట్టుకుని వినేది ఈ డిస్కే.